రక్తనాళాన్ని లోపలి నుంచే మూసే చికిత్స ఎంబొలైజేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఈ చికిత్స పేరు చాలామంది చెవిన పడేది రెఫరల్ చీటీ చేతికొచ్చిన రోజునే. ఆ పూట అడగడానికి టైం ఉండదు, చెప్పేవాళ్లకు తీరిక ఉండదు. అందుకే పదేపదే వచ్చే సందేహాలను దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మీ మనిషికి ఏది సరిపోతుందో చెప్పాల్సింది మాత్రం దగ్గరుండి చూస్తున్న డాక్టరే.

## మొదటి సందేహాలు

ఎంబొలైజేషన్ అంటే అసలు ఏం చేస్తారు?

తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో ధమనిలోకి సూదితో దారి చేసి, సన్నని గొట్టాన్ని నాళాల్లోంచే లోపలికి నడిపిస్తారు. రక్తం కారుతున్న నాళం దగ్గరికో, గడ్డకు రక్తం అందిస్తున్న నాళం దగ్గరికో చేరాక అక్కడ ఒక పదార్థం వదిలి ఆ నాళాన్ని మూసేస్తారు. దారంతా ఎక్స్‌రే తెర మీద చూస్తూనే సాగుతుంది. పొట్ట కోయడం, కుట్లు వేయడం ఉండవు. సూది, తీగ, గొట్టం వరసగా ఎక్కించే పద్ధతిని స్వీడన్ డాక్టర్ సెల్డింగర్ 1953లో ప్రచురించారు. జీర్ణకోశంలో కారుతున్న రక్తాన్ని ఇలా నాళం మూసి ఆపవచ్చని 1972లో రోష్, డాటర్ బృందం రాసింది. అంటే చేతికొచ్చి యాభై ఏళ్లు దాటిన చికిత్స ఇది, నిన్నమొన్నటి ప్రయోగం కాదు.

నాళం మూసేస్తే ఆ అవయవం చచ్చిపోదా?

అవయవాన్ని బట్టి ఉంటుంది. చికిత్స కిటుకంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

లివర్‌కు రెండు వైపుల నుంచి రక్తం వస్తుంది. సుమారు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిరది, పావు వంతు ధమనిది. క్యాన్సర్ గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీదే బతుకుతుంది కాబట్టి ధమని కొమ్మను మూస్తే గడ్డ దెబ్బతింటుంది, లివర్ నిలబడుతుంది. గర్భసంచికి పక్క దారులు చాలా ఉన్నాయి, రెండు వైపుల ధమనులు మూసినా అది బతుకుతుంది. ప్లీహానికి ప్రధాన ధమనిని మొదట్లోనే కాయిల్ అనే తీగ చుట్టతో మూస్తే లోపల ఒత్తిడి తగ్గి రక్తం ఆగుతుంది, పొట్ట వైపు నుంచి వచ్చే చిన్న నాళాలు ప్లీహాన్ని కాపాడతాయి.

కిడ్నీ అలా కాదు. దాని నాళాలు చేన్లో డ్రిప్పు పైపుల్లాంటివి, చివర్లు ఒకదానితో ఒకటి కలవవు. ఏ కొమ్మ మూస్తే ఆ కొమ్మ కింది ముక్క పోతుంది. అందుకే అక్కడ వీలైనంత చివరిదాకా వెళ్లి, కారుతున్న చిన్న కొమ్మను మాత్రమే మూస్తారు. ఇక వెన్నుపాముకు వెళ్లే నాళం పొరపాటున మూసుకుంటే కాళ్లు పడిపోవచ్చు. ఏ నాళం ఎవరికి రక్తం ఇస్తుందో బొమ్మలో తేల్చుకోకుండా మంచి డాక్టరెవరూ మందు వదలరు.

గుండెకు వేసే స్టెంటు లాంటిదేనా?

దారి ఒకటే, పని తలకిందులు. స్టెంటు మూసుకుపోయిన నాళాన్ని తెరుస్తుంది, ఎంబొలైజేషన్ తెరుచుకున్న నాళాన్ని మూస్తుంది. స్టెంటు తర్వాత రక్తం పలచబడే బిళ్లలు నెలల తరబడి వాడాలి. మామూలు ఎంబొలైజేషన్ తర్వాత వాటి అవసరం ఉండదు.

లోపల ఏం పెడతారు? అది అక్కడే ఉండిపోతుందా?

జెల్‌ఫోమ్ అనే జిలాటిన్ స్పాంజి ముక్కలైతే కొన్ని వారాల్లో కరిగిపోతాయి, నాళం చాలావరకు మళ్లీ తెరుచుకుంటుంది. కాన్పు తర్వాతి రక్తస్రావంలో, కొన్ని యాక్సిడెంట్ గాయాల్లో ఇదే చాలు.

పీవీఏ అనే ప్లాస్టిక్ రేణువులు ఇసుక లాంటి నలుసులు, సాధారణంగా 300 నుంచి 700 మైక్రాన్ల మధ్య సైజుల్లో వస్తాయి. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. ఇవి కరగవు. 1970ల నడుమ వీటిని నాళాల్లో వాడి చూపిన మిన్నెసోటా బృందంలో తాడవర్తి మూర్తి అనే డాక్టరు ముందున్నారు.

కాయిల్స్ చాలావరకు ప్లాటినం తీగ చుట్టలు, కొన్నిటికి రక్తం త్వరగా గడ్డకట్టేలా సింథటిక్ పోగులు కూడా ఉంటాయి. ఇవి శాశ్వతం. కాయిల్ సైజు నాళం వ్యాసం కంటే కాస్త పెద్దదిగా ఎంచుతారు. చిన్నదైతే రక్తంతో పాటు కొట్టుకుపోతుంది, మరీ పెద్దదైతే చుట్ట తిరగక పొడుగ్గా వెనక్కి జారి మంచి నాళంలోకి వస్తుంది.

జిగురు ఇంకో రకం. రక్తం తగలగానే క్షణాల్లో గట్టిపడుతుంది. అందుకే గొట్టాన్ని ముందు సెలైన్‌తో కాక 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కడుగుతారు, సెలైన్ తగిలినా అది గొట్టంలోనే బిగుసుకుపోతుంది. లిపియోడాల్ అనే నూనె డై (ఎక్స్‌రేలో కనబడే ద్రవం) ఎంత కలిపితే అంత నిదానంగా గట్టిపడుతుంది. వదిలిన వెంటనే గొట్టం వెనక్కి లాగేయాలి, ఆలస్యమైతే అంటుకుంటుంది. ఓనిక్స్ అనే మరో ద్రవం వాడితే ఒకట్రెండు రోజులు ఊపిరి వెల్లుల్లి వాసన వస్తుంది. అది ద్రావకం వాసన, భయం లేదు.

## నాకు అవసరమా?

టీబీ ఎప్పుడో తగ్గింది. ఇప్పుడు దగ్గితే రక్తం పడుతోంది, ఎందుకు?

టీబీ పోయినా ఊపిరితిత్తిలో మచ్చలు, గుహలు, వెడల్పయిన శ్వాసగొట్టాలు మిగిలిపోతాయి. వాటి చుట్టూ శ్వాసగొట్టాలకు రక్తమిచ్చే బ్రాంకియల్ ధమనులు లావెక్కి మెలికలు తిరుగుతాయి, చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా పగులుతాయి. గుహలో బూజు ఉండ చేరినా ఇంతే. రాయి కోసే పనిలో, తాడిపత్రి, బేతంచెర్ల లాంటి చోట్ల పాలిష్ యూనిట్లలో ఏళ్ల తరబడి చేసినవారు ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. సిలికా ధూళి పీల్చిన ఊపిరితిత్తికి టీబీ ముప్పు ఎక్కువ. పాత టీబీయేలే అనుకోకుండా కఫం పరీక్ష మళ్లీ చేయించాలి.

కఫంలో చారలుగా పడితే సాధారణంగా మందులతో చూస్తారు. గ్లాసుల కొద్దీ పడుతుంటే మాత్రం అది ఎమర్జెన్సీ. అక్కడ మనిషి ప్రాణం తీసేది పోయిన రక్తం కాదు, శ్వాసగొట్టంలో నిండిన రక్తం. ఏ వైపు నుంచి వస్తుందో తెలిస్తే ఆ వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టాలి, అప్పుడు రెండో ఊపిరితిత్తిలోకి దిగదు. వెల్లకిలా పడుకోబెట్టి తీసుకురావడం చాలా తరచుగా జరిగే తప్పు.

ఎంబొలైజేషన్‌తో ఎక్కువమందికి రక్తం వెంటనే ఆగుతుంది. కానీ జబ్బు అక్కడే ఉంటుంది కాబట్టి నెలలకో ఏళ్లకో కొందరికి తిరిగి పడుతుంది, బూజు ఉండ ఉన్నవారికి మరీ ఎక్కువ. ఇక్కడ రేణువులే వాడి కాయిల్స్‌ను తప్పించేది కూడా అందుకే. మొదట్లో కాయిల్ పెడితే రేపు మళ్లీ అదే నాళంలోకి వెళ్లే దారి ఉండదు.

కాన్పు తర్వాత రక్తం ఆగట్లేదు. గర్భసంచి తీయకుండా కాపాడవచ్చా?

చాలాసార్లు వీలవుతుంది, టైం ఉంటే. ముందు గర్భసంచి బిగుసుకునే ఇంజెక్షన్లు, కాన్పైన మూడు గంటల్లోపు రక్తం కారడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, గర్భసంచిలో బెలూన్. వీటితో ఆగకపోయినా తల్లి బీపీ నిలబడి ఉంటే రెండు వైపుల గర్భాశయ ధమనులను జెల్‌ఫోమ్‌తో మూస్తారు. అది కరిగిపోయేది కాబట్టి ఎక్కువమందికి నెలసరి తిరిగి వస్తుంది, తర్వాత కాన్పులు కూడా అయ్యాయి. బీపీ పడిపోతూ ఉన్న తల్లిని మాత్రం దూరం పంపకూడదు. ఎక్కడుంటే అక్కడే ఆపరేషన్ చేయడం ప్రాణరక్షణ. గర్భసంచి పోయిందన్న బాధతో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

గర్భసంచి గడ్డలకు ఆపరేషన్ బదులు ఇది చేయించుకోవచ్చా?

ఫైబ్రాయిడ్ గడ్డల వల్ల నెలసరిలో రక్తం విపరీతంగా పోయి హిమోగ్లోబిన్ 6కో 7కో దిగినవారికి ఇది మంచి దారి. 1995లో ఫ్రాన్స్‌లో రవినా బృందం ప్రచురించాక ప్రపంచమంతా పాకింది. రెండు వైపులా రేణువులు వదిలితే మూడు నుంచి ఆరు నెలల్లో గడ్డ ఘనపరిమాణం సుమారు సగానికి తగ్గుతుంది. రక్తస్రావం మాత్రం ఒకట్రెండు నెలసరుల్లోనే అదుపులోకి వస్తుంది. గడ్డ పూర్తిగా మాయం కాదు, ఆ ఆశతో వెళ్లొద్దు.

ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి గడ్డ మాత్రమే తీసే ఆపరేషన్ వైపే ముందు చూడమంటాం. గర్భం ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, క్యాన్సర్ అనుమానం ఉన్నా ఇది చేయరు. 45 దాటినవారిలో కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించేసుకోవడం మన వైపు మరీ మామూలైపోయింది. అందుకే గర్భసంచి తీసేద్దామన్న మాట వినగానే ఈ దారి గురించి ఒకసారి అడగమని చెబుతాం.

కిడ్నీ రాయి తీయించుకున్న పది రోజులకు మూత్రం ఎర్రగా వస్తోంది. మామూలేనా?

వీపు వైపు నుంచి రంధ్రం చేసి రాయి తీసిన మొదటి రెండు మూడు రోజులు లేత ఎరుపు మామూలే. మూత్రం తేటపడిన తర్వాత, ఒక వారం నుంచి మూడు వారాల లోపు, ఉన్నట్టుండి చిక్కటి ఎరుపు, గడ్డలు గడ్డలుగా వస్తే మామూలు కాదు. రంధ్రం చేసిన దారిలో చిన్న ధమనికి బుడగ కట్టి పగిలిందని అనుమానించాలి. రక్తం గడ్డలు మూత్రసంచిలో అడ్డుపడి మూత్రం బిగదీయడం కూడా చూస్తాం. బార్లీ నీళ్లతో, ఎండవేడి అన్న మాటతో రోజులు గడపొద్దు. డై ఇచ్చి నాళాలను చూసే సీటీ యాంజియోలో బుడగ కనిపిస్తే ఆ ఒక్క కొమ్మను ఒకటి రెండు కాయిల్స్‌తో మూస్తారు, కిడ్నీ దాదాపు మొత్తం మిగులుతుంది.

లివర్ గడ్డకు టేస్ అన్నారు. అది కీమోనా?

కీమో, ఎంబొలైజేషన్ రెండూ కలిపింది. డాక్సోరూబిసిన్ లాంటి మందును లిపియోడాల్‌లో కలిపి గడ్డకు వెళ్లే ధమనిలోకే ఇచ్చి, వెనకాలే రేణువులతో దారి మూస్తారు. కొన్నిచోట్ల మందు పట్టిన పూసలు వాడతారు. మందు గడ్డ దగ్గరే నిలుస్తుంది కాబట్టి సెలైన్‌లో ఎక్కించే కీమోతో పోలిస్తే ఒళ్లంతా పడే దెబ్బ తక్కువ. ఆపరేషన్‌కు వీలుకాని, లివర్ ఇంకా పనిచేస్తున్న రోగులకు దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందని 2002లో రెండు పరీక్షల్లో తేలింది. కామెర్లు బాగా ఉన్నవారికి, పొట్టలో నీరు ఎక్కువగా చేరినవారికి, పోర్టల్ సిర మొత్తం మూసుకుపోయినవారికి సాధారణంగా చేయరు, ఉన్న కాస్త లివర్ కూడా పోతుంది. పసరు మందులు వాడుతుంటే దాచొద్దు, ఆపేసి ఆ సంగతి చెప్పండి. నాలుగు నుంచి ఆరు వారాలకు స్కాన్ చూసి అవసరమైతే మళ్లీ చేస్తారు.

మెదడు నాళం ఉబ్బిందన్నారు. దానికీ ఇదేనా?

అవును, కాకపోతే ఇక్కడ నాళాన్ని కాదు, ఉబ్బిన బుడగను లోపలి నుంచి కాయిల్స్‌తో నింపుతారు. సరిగ్గా కుదిరాకే విద్యుత్తుతో కాయిల్‌ను విడదీసే పద్ధతిని గుగ్లియెల్మి 1990ల మొదట్లో తెచ్చారు. పగిలిన బుడగ మళ్లీ పగిలే ముప్పు మొదటి రోజుల్లోనే ఎక్కువ. జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినవారు గ్యాసు బిళ్ల మింగి పడుకోకూడదు, వెంటనే సీటీ తీయించాలి.

మోకాలి నొప్పికి, మొలలకు, ప్రోస్టేట్‌కు కూడా చేస్తామని ప్రకటనలు చూస్తున్నాం. నమ్మొచ్చా?

ప్రోస్టేట్‌కు ఆధారాలు బాగానే ఉన్నాయి, ఆపరేషన్‌కు తట్టుకోలేని పెద్దవారికి పనికొస్తుంది. వృషణాల దగ్గర సిరల ఉబ్బుకు కూడా ఇది పాత చికిత్సే. మోకాలికి, మొలలకు మాత్రం ఇంకా కొత్త. కొందరికి ఉపశమనం ఉంది, ఎన్నేళ్లు నిలుస్తుందో తేలలేదు. అరిగి వంగిపోయిన మోకాలు దీనితో నిటారు కాదు.

## ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి

మా ఊళ్లోనే క్యాథ్ ల్యాబ్ ఉంది కదా, హైదరాబాద్‌కో బెంగళూరుకో ఎందుకు పంపుతున్నారు?

మిషను ఉండటం వేరు, చేసే మనిషి ఉండటం వేరు. గుండె క్యాథ్ ల్యాబ్‌లో ఉండే గొట్టాలు, తీగలు గుండె నాళాలకు సరిపోయేవి. దీనికి ఒక మిల్లీమీటరు కంటే సన్నని మైక్రోక్యాథెటర్లు, రేణువులు, కాయిల్స్ స్టాకులో ఉండాలి, వాటిని వాడే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (ఐఆర్ డాక్టరు) అందుబాటులో ఉండాలి. వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరైతే మీ అర్ధరాత్రి ఎమర్జెన్సీకి లేనట్టే. కాబట్టి బోర్డు చూసి కాదు, ఫోన్ చేసి తేల్చుకోండి. అడగాల్సినవి మూడే: ఇప్పుడు ఐఆర్ డాక్టరు ఉన్నారా, మిషను ఖాళీగా ఉందా, మా గ్రూపు రక్తం ఉందా?

రక్తం పోతున్న మనిషిని తీసుకెళ్లేముందు ఏం చూసుకోవాలి?

కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్లు దాటిన దారి. రోడ్డు బాగుంటుంది, అయినా మూడున్నర నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు మనిషి తట్టుకునేలా చేశాకే బండి కదలాలి. చేతికి రెండు లావు సూదులు, ఎక్కుతున్న రక్తం లేదా వెంట రక్తం సంచులు, ఆక్సిజన్, బండిలో గాలిగొట్టం వేయగలిగిన మనిషి ఉండాలి. రక్తం ఎక్కిస్తున్నా బీపీ దిగుతూనే ఉంటే ప్రయాణం కాదు, దగ్గర్లో ఉన్న సర్జనే దిక్కు.

కాగితాల్లో ముఖ్యమైనది సీటీ స్కాన్ సీడీ లేదా పెన్‌డ్రైవ్. ఫిల్ము ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే నాళం ఎక్కడ మొదలవుతుందో కనిపించదు, అక్కడికెళ్లాక మళ్లీ స్కాన్, మళ్లీ డై, కిడ్నీకి రెండో దెబ్బ. సీడీతో పాటు రక్తం గ్రూపు, చివరి హిమోగ్లోబిన్ ఏ గంటకు తీసింది, ఎన్ని సంచులు ఎక్కించారు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, ఏ బిళ్లలు వాడుతున్నారు అన్నవి ఒక తెల్లకాగితం మీద రాయించుకోండి. రక్తం ఇవ్వగలిగినవాళ్లు ఇద్దరు వెంట వెళ్తే మంచిది.

ఆరోగ్యశ్రీలో వస్తుందా?

ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో కొన్ని రకాల ఎంబొలైజేషన్లు ఉన్నాయి, అన్నీ కాదు. జబ్బు పేరుతో కాదు, చేయబోయే చికిత్స పేరుతో అడగాలి. పొరుగు రాష్ట్రాల్లో అన్ని ఆస్పత్రులూ, అన్ని చికిత్సలూ ఈ కార్డు కింద రావు. అంబులెన్సు ఎక్కకముందే ఆరోగ్యమిత్రతో మాట్లాడించండి. డబ్బు కట్టే పరిస్థితి వస్తే ఖర్చును పెంచేది కాయిల్స్ సంఖ్య, మైక్రోక్యాథెటర్. గది అద్దె కాదు. ఎన్ని కాయిల్స్ పట్టవచ్చో ముందే ఒక అంచనా అడగడంలో తప్పులేదు.

## ముందు రోజు

ఏ పరీక్షలు చేస్తారు? నా బిళ్లలు ఆపాలా?

హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష, క్రియాటినిన్, రక్తం గ్రూపు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు. సాధారణంగా ప్లేట్‌లెట్లు 50,000 పైన కావాలంటారు. ముందే రోజు కుదిరిన చికిత్సకు ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. బీపీ బిళ్ల ఒక గుక్క నీళ్లతో వేసుకోవచ్చు.

వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి సుమారు ఐదు రోజుల ముందు ఆపమనడం మామూలే. అయితే గుండెలో స్టెంటు ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంటు మూసుకుపోతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కిడ్నీ బాగున్నవారికి చాలాసార్లు ఆపక్కర్లేదు. కిడ్నీ బలహీనంగా ఉంటే ఆ రోజు ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మొదలుపెడతారు.

క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది. డై ఇస్తే కిడ్నీ పోతుందా?

ముప్పు కొంత ఉంది, తగ్గించే మార్గాలూ ఉన్నాయి. డైకి ముందూ తర్వాతా సెలైన్ ఎక్కించడం, డై వీలైనంత తక్కువ వాడటం, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు ఆపడం. మే నెలలో ఎండన పడి వచ్చి, ఉదయం నుంచి పస్తున్న మనిషికి సగం సమస్య నీళ్లు లేకపోవడమే. గతంలో డై పడక దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే తప్పక చెప్పాలి, ముందు నుంచే స్టీరాయిడ్లు ఇస్తారు.

## చేసే రోజు

మత్తు ఇస్తారా? ఎంతసేపు పడుతుంది?

ఎక్కువమందికి సూది గుచ్చే చోట మాత్రమే మత్తు. మెదడు నాళాలకు, పిల్లలకు, కుదురుగా పడుకోలేనివారికి పూర్తి మత్తు. లోపలికి పెట్టే తొడుగు సుమారు రెండు మిల్లీమీటర్ల మందం. గొట్టం నాళాల్లో కదులుతున్నట్టు తెలియదు. డై వదిలినప్పుడు మాత్రం ఆ భాగంలో వేడి పాకినట్టు ఉంటుంది, కొందరికి మూత్రం పోసుకున్నామేమో అనిపిస్తుంది. పోసుకోలేదు, కంగారుపడొద్దు. ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపట్టాలి, కదిలితే బొమ్మ చెదిరి డై వృథా అవుతుంది.

రేణువులను డైలో కలిపి, చిన్న సిరంజిలతో కొద్దికొద్దిగా వదులుతారు. రక్తమే వాటిని గడ్డవైపు మోసుకెళ్తుంది. ప్రవాహం నెమ్మదించే కొద్దీ ఇంకా నిదానించాలి, లేకపోతే వెనక్కి పొంగి పక్క నాళంలో పడతాయి. ముప్పావు గంట నుంచి మూడు గంటల దాకా పట్టవచ్చు. ఆలస్యమైందంటే ఏదో అయిందని కాదు, మెలికల నాళంలో దారి దొరకడానికే సగం టైం పోతుంది.

లోపలికి తీసుకెళ్లి, ఏమీ కనబడలేదని బయటికి తెచ్చేశారు. డబ్బు దండగేనా?

రక్తం ఆగి ఆగి కారే గుణం ఉన్నది, ముఖ్యంగా పేగుల్లో. ఆ నిమిషంలో కారకపోతే యాంజియోలో కనిపించదు. కనబడాలంటే నిమిషానికి కనీసం అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు కారుతుండాలి. ఎండోస్కోపీలో డ్యూడినం (చిన్నపేగు మొదటి భాగం) పుండు స్పష్టంగా చూసి ఉంటే, కారుతున్నట్టు కనబడకపోయినా ఆ పుండు వెనకాలి ధమనిని మూయడం ఉంది. అక్కడ రక్తం రెండు వైపుల నుంచి వస్తుంది కాబట్టి పుండుకు అటూ ఇటూ రెండు చోట్లా మూయాలి. ఒక వైపే మూస్తే రెండో వైపు నుంచి మళ్లీ కారుతుంది.

ఏం తప్పు జరగొచ్చు?

పదార్థం అనుకోని నాళంలోకి పోవడం అన్నిటికంటే పెద్దది: ఊపిరితిత్తి కేసులో వెన్నుపాము, లివర్ కేసులో పిత్తాశయం, పేగు కేసులో పేగు ముక్క. గుచ్చిన చోట రక్తం చేరడం, ధమనికి బుడగ కట్టడం, డై పడకపోవడం, కిడ్నీ దెబ్బ, మూసిన గడ్డలో చీము. చాలాసేపు పట్టిన కేసుల్లో ఎక్స్‌రే వల్ల వీపు మీద రెండు మూడు వారాలకు గుండ్రంగా ఎర్రబడటం ఉంటుంది. అప్పుడు తామర మందు రాయకండి, చేసిన డాక్టరుకు చూపండి. అరుదైనవే, అయినా సంతకం పెట్టేముందు మీ కేసులో ఎక్కువ భయం దేనికని అడగండి.

## ఇంటికొచ్చాక

జ్వరం, నొప్పి, వాంతి ఉన్నాయి. ఇన్ఫెక్షనా?

రక్తం అందక గడ్డ చచ్చేటప్పుడు ఒళ్లు ఇలాగే స్పందిస్తుంది. లివర్, గర్భసంచి చికిత్సల తర్వాత ఇది మరీ మామూలు. గర్భసంచి నొప్పి మొదటి 12 నుంచి 24 గంటలు గట్టిగానే ఉంటుంది, దానికి బలమైన మందులే ఇవ్వాలి, ఓర్చుకోమనడం తప్పు. వారంలోపు సర్దుకోవాలి. తగ్గిన జ్వరం తిరిగి వచ్చినా, 101 దాటి చలితో వణికించినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా ఆగకుండా ఆస్పత్రికి రావాలి. గడ్డ ముక్క ఊడి కిందికి జారడం కూడా ఇలాగే మొదలవుతుంది.

గజ్జల దగ్గర వాచింది. కాపడం పెట్టొచ్చా?

వద్దు. వేడి నాళాన్ని వెడల్పు చేసి రక్తం ఇంకా కారేలా చేస్తుంది. గొట్టం తీశాక 15, 20 నిమిషాలు చేత్తో అదిమి, ఆపైన నాలుగు నుంచి ఆరు గంటలు కాలు చాపి ఉంచమంటారు. ఆ టైంలో లేచి బాత్రూంకు నడవడమే వాపుకు మొదటి కారణం. నీలం మచ్చ రెండు వారాల్లో పోతుంది. వాపు పెరుగుతున్నా, చేయి పెడితే కొట్టుకుంటున్నా, పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా గంటల్లో చూపించాలి. రక్తం పైకి కారితే పడుకోబెట్టి, ఆ చోట గట్టిగా అదుముతూనే తీసుకురండి.

పథ్యం ఏమైనా ఉందా?

లేదు. పప్పు, గుడ్డు, వంకాయ మానేయించి మనిషిని నీరసపెట్టొద్దు. రక్తం పోయినవారికి తిండే మందు. రాగిసంగటి, జొన్నరొట్టె, ఆకుకూర, మాంసం ఏదైనా పెట్టండి. లివర్ జబ్బు ముదిరినవారికి ఉప్పు తగ్గింపు, షుగరు, కిడ్నీ రోగులకు వారి పాత నియమాలు మాత్రం అలాగే ఉంటాయి. మలబద్ధకం రానీయకండి, ముక్కితే గజ్జల మీద ఒత్తిడి పడుతుంది. తొడలో గుచ్చినవారు వారం పాటు బిందెలు, మూటలు ఎత్తకూడదు, బైకు కిక్కు కొట్టకూడదు.

కాయిల్ ఉంటే ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?

ప్లాటినం కాయిల్స్‌తో ఇబ్బంది లేదు. పాతకాలపు స్టీలు కాయిల్స్ కొన్నిటికి ముందు కంపెనీ వివరాలు చూడాలి. పెట్టిన కాయిల్ స్టిక్కరు కేసుషీటులో అతికించి ఉంటుంది, దాని ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి.

డిశ్చార్జి కాగితంలో ఏం రాసి ఉండాలి?

"ఎంబొలైజేషన్ చేయబడింది" అన్న ఒక్క ముక్కతో ఇచ్చే కాగితాలు చాలా చూస్తాం. రేపు ఆదోనిలోనో రాయచోటిలోనో రాత్రిపూట మళ్లీ రక్తం పడితే ఆ కాగితం ఎవరికీ పనికిరాదు. ఏ నాళాన్ని, ఏ వైపు మూశారు, ఏ పదార్థం, ఏ సైజు, ఎంత వాడారు, ఏ నాళాన్ని కావాలనే వదిలేశారు, ఎందుకు వదిలారు అన్నవి రాయించుకోండి. వెన్నుపాము నాళం కనబడి ఆగిపోయి ఉంటే రెండోసారి చేసేవారికి ఆ ఒక్క వాక్యం ప్రాణాధారం. యాంజియో బొమ్మల సీడీ కూడా అడిగి తీసుకోండి, ఆ రోజే ఇస్తారు, ఆరు నెలల తర్వాత వెతికితే దొరకడం కష్టం.